చార్జింగ్‌లో మర్చిపోయిన డ్రిల్లు బ్యాటరీ

ప్రశ్న: లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. తణుకు దగ్గర పల్లెటూరు మాది. పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని పీటలు, స్టూళ్లు, మనవలకు చెక్క బండ్లు చేస్తుంటాను. నా దగ్గర మూడు కార్డ్‌లెస్ డ్రిల్లులున్నాయి. ఒకటి పదిహేనేళ్ల కిందట మా అల్లుడు అమెరికా నుంచి తెచ్చిన 14.4 వోల్టులది. రెండోది రెండేళ్ల కిందట రాజమండ్రిలో కొన్న 18 వోల్టుల కంపెనీ డ్రిల్లు. మూడోది ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తే తెప్పించిన 21 వోల్టుల సెట్టు. పడుకోబోయే ముందు చార్జింగ్ పెట్టి పొద్దున తీయడం అలవాటు. ఒక్కోసారి మర్చిపోతే రెండు రోజులు అలాగే ఉండిపోతోంది. మొన్న చూస్తే పాత బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ‘ఇల్లు తగలబెడతారా ఏంటి’ అని మా ఆవిడ గొడవ. గోడకి ఒక టైమర్ బిగిస్తే సరిపోతుందా? నిండాక చార్జర్ తనంతట తను ఆగదా?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఆవిడగారి గొడవలో న్యాయం ఉంది. కాకపోతే మూడు డ్రిల్లుల్లో రెండింటి విషయంలోనే. మీరు మూడింటినీ ఒకే గాటన కట్టి అడిగారు గానీ, అవి మూడూ మూడు రకాలు. టైమర్ మొదటిదానికి తప్పనిసరి. రెండోదానికి ఉన్నా లేకపోయినా ఒకటే. మూడోదానికి టైమర్ పెట్టినా ఇంకో ప్రమాదం అలాగే మిగిలి ఉంటుంది. అసలు నాకు టెన్షన్ పెట్టింది ఆ మూడోదే.

ముందు పాతదాని సంగతి. పదిహేనేళ్ల నాటి 14.4 వోల్టుల ప్యాక్ అంటే దాదాపుగా అది నికెల్ కాడ్మియం. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు, అలాంటివి పన్నెండు వరసగా ఉంటాయి. దాంతో వచ్చే చవక రకం చార్జర్‌ని నేను చార్జర్ అననే అనను. అది కుళాయి. కింద బిందె నిండిందా లేదా దానికి తెలియదు, పోస్తూనే ఉంటుంది. నిండిన తర్వాత కూడా వస్తున్న కరెంటు సెల్లు లోపల ఆక్సిజన్‌ని పుట్టిస్తుంది. ఆ ఆక్సిజన్ కాడ్మియం పలక దగ్గర మళ్లీ కలిసిపోతుంది. ఆ కలిసిపోవడంలో పుట్టేదే మీ చేతికి తగిలిన వేడి. మెల్లగా పోసే చార్జర్ అయితే ఈ జాతి బ్యాటరీలు కొంతవరకు ఓర్చుకుంటాయి, వెంటనే పేలిపోవు. కానీ రోజుల తరబడి అలా ఉడికితే లోపలి తడి ఆరిపోయి, సెల్లులు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. మంట కంటే ముందు బ్యాటరీయే పోతుంది.

ఎంతసేపు పెట్టాలో మీకు నేను చెప్పనక్కర్లేదు, లెక్క మీరే వేసుకోగలరు. బ్యాటరీ మీద మిల్లీ ఆంప్ అవర్లు ఎన్నో, చార్జర్ మీద ‘అవుట్‌పుట్’ దగ్గర మిల్లీ ఆంపులు ఎన్నో చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 1.4తో హెచ్చవేయండి. బ్యాటరీ 1500, చార్జర్ 250 అనుకుందాం. ఆరు గంటలు, దాన్ని 1.4తో హెచ్చిస్తే 8.4. అంటే సుమారు ఎనిమిదిన్నర గంటలు. ఆ 1.4 ఎందుకంటే, పోసిన కరెంటంతా బ్యాటరీలో నిలవదు, కొంత వేడిగా పోతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి ఈ లెక్క. సగం వాడి పెడితే సమయం కూడా సగమే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇలాంటి చార్జర్ ఇచ్చే కరెంటు గోడలోంచి వచ్చే ఓల్టేజీని బట్టి మారిపోతుంది. రాత్రి లోడు తగ్గాక ఓల్టేజీ పెరిగే ఊళ్లలో ఎనిమిదిన్నర గంటల్లో నిండాల్సింది ఏడు గంటల్లోనే నిండిపోవచ్చు. అందుకని లెక్కలో వచ్చినదానికంటే ఒక గంట తగ్గించి పెట్టుకోండి. కాస్త తక్కువ నిండితే నష్టమేమీ లేదు.

ఇక టైమర్. గోడకి పెట్టుకునే టైమర్లలో రెండు రకాలున్నాయి. గుండ్రటి డయల్ చుట్టూ చిన్న చిన్న పుల్లలు నొక్కుకునేది ఒకటి, అది 24 గంటల రకం. వంటింట్లో వాడేదానిలా తిప్పి వదిలితే సున్నాకి వచ్చి ఆగిపోయేది రెండోది, కౌంట్‌డౌన్ రకం. మీకు కావాల్సింది ఈ రెండోదే. ఈ తేడా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కిందట 24 గంటల టైమర్ పెట్టి, ఎనిమిది గంటలకి సెట్ చేశానన్న ధీమాతో భీమవరం పెళ్లికి వెళ్లాను. మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే ప్యాక్ ప్లాస్టిక్ మెత్తబడి వంకరపోయింది. ఆ టైమర్ దాని పని అది చేసింది. మొదటి రోజు ఎనిమిది గంటలు, రెండో రోజు మళ్లీ ఎనిమిది, మూడో రోజు మళ్లీ ఎనిమిది. నిండిన బిందెలోనే పోసింది. బుద్ధి లేనిది నాకు, దానికి కాదు.

స్ప్రింగుతో కాక కరెంటు మోటారుతో డయల్ తిరిగే టైమర్‌తో మన ఊళ్లలో ఒక సుఖం ఉంది. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, వచ్చాక అక్కణ్ణుంచే నడుస్తుంది. కాబట్టి చార్జింగ్ అయిన గంటలే లెక్కలోకి వస్తాయి. ఫోన్‌తో నడిపే స్మార్ట్ ప్లగ్ కొనాలని ఎవరైనా సలహా ఇస్తే, కొనగానే ఒక పరీక్ష చేయండి. దానికి ఒక టేబుల్ ల్యాంపు తగిలించి కౌంట్‌డౌన్ పెట్టి, మధ్యలో మెయిన్ ఆపి మళ్లీ వేయండి. కొన్ని ప్లగ్గులు కరెంటు తిరిగి రాగానే ఆన్ అయి, పెట్టిన కౌంట్‌డౌన్ సంగతి మర్చిపోతాయి. అలాంటిది ఈ పనికి వద్దు.

ఒకవేళ మీ పాత చార్జర్ గంటలో నింపేసే పెద్ద పెట్టె రకం అయితే కథ వేరు. అది నిండే క్షణంలో బ్యాటరీ ఓల్టేజీ కొంచెం కిందికి జారడాన్ని పసిగట్టి ఆగుతుంది. కానీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. రాత్రికి నాలుగుసార్లు కరెంటు పోయే రోజున అది నిండిన బ్యాటరీని నాలుగుసార్లు నింపడానికి చూస్తుంది. దాన్ని మాత్రం మీరు మెలకువగా ఉన్నప్పుడే వాడండి.

పాతదానికి ‘మెమొరీ’ వస్తుందని, పూర్తిగా ఖాళీ చేసి గాని చార్జింగ్ పెట్టకూడదని చాలామంది చెబుతారు. అది విని ట్రిగ్గర్‌కి రబ్బరు బ్యాండు చుట్టి, డ్రిల్లు ఆగిపోయేదాకా వదిలేస్తారు. ఆ పని చేయకండి. పన్నెండు సెల్లుల్లో ఒకటి ముందే ఖాళీ అవుతుంది. మిగతా పదకొండూ కలిసి దానిలోకి ఎదురు కరెంటు తోస్తాయి, అది అక్కడితో సరి. డ్రిల్లు బలం తగ్గినట్టు చేతికి తెలియగానే ఆపి, చార్జింగ్ పెట్టండి.

రెండోది, రాజమండ్రిలో కొన్న 18 వోల్టులది, లిథియం అయాన్. లోపల 3.6 వోల్టుల సెల్లులు ఐదు వరసగా ఉంటాయి. నిండినప్పుడు ఒక్కోటి 4.2 వోల్టులకు చేరుతుంది, మొత్తం 21. మొదటిది కుళాయి అయితే ఇది ఓవర్‌హెడ్ ట్యాంకుకి బంతి వాల్వు బిగించినట్టు. ముందు జోరుగా నింపుతుంది. 21 దగ్గరికి రాగానే ఓల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటు తగ్గించుకుంటూ పోతుంది. కరెంటు బాగా సన్నగిల్లాక పూర్తిగా ఆపేస్తుంది. ప్లస్సు, మైనస్సు కాక ఆ ప్యాక్‌కి ఇంకా ఒకటి రెండు రేకు ముక్కలు కనిపిస్తాయి చూడండి. లోపలి వేడి ఎంతో, సెల్లులు ఎలా ఉన్నాయో చార్జర్‌కి చెప్పేవి అవే. కాబట్టి దాని సొంత చార్జర్ మీద రాత్రంతా ఉన్నంత మాత్రాన అది ఓవర్‌చార్జ్ అవదు. మీరు అడిగిన ‘తనంతట తను ఆగదా’ అన్న ప్రశ్నకి, ఈ ఒక్క డ్రిల్లు విషయంలో ఆగుతుందనే జవాబు.

అలాగని దాన్ని చార్జర్ మీదే కాపురం పెట్టించకండి. లిథియానికి వేడి పడదు, నిండుగా కూర్చోవడం కూడా పడదు. ఆ రెండూ కలిస్తే తొందరగా ముసలిదవుతుంది. మే నెలలో మీ రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం బయటికంటే ఎక్కువ వేడి ఉంటుంది. ఈ బ్యాటరీల్లో చాలావాటికి చార్జింగ్ పెట్టదగిన వేడి 40 డిగ్రీలో, మహా అయితే 45 డిగ్రీలో. అది దాటితే మంచి చార్జర్ లైటు ఆర్పి వెలిగిస్తూ మొరాయిస్తుంది. పాడైందనుకుని చాలామంది షాపుకి మోసుకుపోతారు. చల్లారనివ్వమని అడుగుతోందంతే. టేకులోనో తుమ్మలోనో వరసగా కన్నాలు వేశాక ప్యాక్ కాలిపోతూ ఉంటుంది. ఫ్యాను కింద అరగంట పెట్టి, ఆ తర్వాతే చార్జర్ ఎక్కించండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది.

అందుకే నా మాట వింటే రాత్రి చార్జింగ్ మానేయండి. రిటైరైన మాస్టార్లు తెల్లవారుజామునే లేస్తారు కదా. కాఫీకి నీళ్లు పెట్టేటప్పుడు బ్యాటరీ కూడా పెట్టండి. రోజు మొత్తంలో షెడ్డు చల్లగా ఉండేది అప్పుడే. పేపరు చదవడం, పూల మొక్కలకి నీళ్లు పోయడం అయ్యేసరికి అది నిండుతుంది, మీరూ మెలకువగా ఉంటారు. పాతదానికి ఎనిమిది గంటలు కావాలి కాబట్టి అది పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా సాగుతుంది. దాన్ని షెడ్డులో కాకుండా నీడపట్టున వరండాలో పెట్టుకోండి.

ఇక మూడోది. ఆన్‌లైన్ సెట్ల మీద 21 వోల్టులని రాస్తారు, పక్కన ‘48 వీఎఫ్’, ‘88 వీఎఫ్’ అని ఇంకా పెద్ద అంకెలు కూడా రాస్తారు. ఆ వీఎఫ్‌కి అర్థం లేదు, అది ఓల్టేజీ కాదు. 21 అన్నది మాత్రం అబద్ధం కాదు గానీ, నిండినప్పటి ఓల్టేజీ అది. అంటే మీ 18 వోల్టుల కంపెనీ ప్యాక్‌లాగే దీన్లోనూ ఐదు సెల్లులే. తేడా అంతా చార్జర్‌లో ఉంది. దీనికి వచ్చేది గుండ్రటి పిన్ను ఉన్న మామూలు అడాప్టర్. ప్లస్సు, మైనస్సు తప్ప ఇంకే కబురూ బ్యాటరీ నుంచి దానికి అందదు. లోపల సెల్లుల వేడి పెరిగినా, ఐదింట్లో ఒకటి ముందే నిండిపోయి మిగతా నాలుగు వెనకబడినా, అడాప్టర్‌కి తెలియదు. ప్యాక్ లోపల చిన్న రక్షణ బోర్డు ఉంటే అదే దిక్కు. చవక సెట్లలో ఆ బోర్డు ఎంత నాణ్యంగా ఉందో విప్పి చూస్తే గాని తెలియదు. మీరు విప్పకండి.

దీనికంటే పెద్ద ప్రమాదం ఆ గుండ్రటి పిన్ను. మీ ఇంట్లో అలాంటి పిన్ను ఉన్న అడాప్టర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. వాటర్ ప్యూరిఫయర్‌ది ఉంటుంది, సాధారణంగా అది 24 వోల్టులు. కెమెరాలదీ, వైఫై పెట్టెదీ 12. చేలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ చార్జర్ మీద 12 అని రాసి ఉన్నా, అది లెడ్ యాసిడ్ బ్యాటరీని నింపడానికి చేసింది, 14 వోల్టుల దాకా ఇస్తుంది. చీకట్లో చేతికి ప్యూరిఫయర్ అడాప్టర్ దొరికి, పిన్ను పట్టిందని పెట్టారనుకోండి. 24ని ఐదుతో భాగించండి, ఒక్కో సెల్లు మీద 4.8 వోల్టులు పడుతుంది. 4.2 దగ్గర ఆగాల్సిన సెల్లు అది. అంత దాటితే లిథియం లోహం లోపల పూతలా పేరుకుంటుంది, ద్రవం విడిపోయి గ్యాసు పుడుతుంది, సెల్లు ఉబ్బుతుంది. ఆపైన తన వేడి తనే పెంచుకుంటూ మంటలోకి పోతుంది. ఇది గంటలు లెక్కపెట్టే టైమర్‌తో ఆగే వ్యవహారం కాదు. ఓవర్‌చార్జింగ్ అంటే ఎక్కువసేపు పెట్టడమే అనుకుంటాం గానీ, లిథియం విషయంలో ఎక్కువ ఓల్టేజీ పెట్టడం దానికి తాత.

అందుకని ఈ రోజే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నీ ఒకచోట వేసి, ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టర్ చుట్టి, అది దేనిదో, ఎన్ని వోల్టులో మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాయండి. డ్రిల్లుదాన్ని ఆ డ్రిల్లు పెట్టెలోనే తాడుతో కట్టేయండి. నేనైతే మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్ అడిగి తెచ్చి బ్యాటరీ రంధ్రం చుట్టూ, దాని పిన్ను మీద ఒకే రంగు పూశాను. ఇంట్లో నవ్వారు గానీ ఆ తర్వాత పొరపాటు జరగలేదు.

తర్వాత ఒక మల్టీమీటర్ సంపాదించండి, మామూలుదైనా చాలు. డీసీ ఓల్టుల్లో పెట్టి ముందు అడాప్టర్ పిన్ను చూడండి, 21 దగ్గర ఉండాలి. తర్వాత బ్యాటరీ నింపి, అరగంట ఆగి, దాని ప్లస్సు, మైనస్సు రేకుల దగ్గర చూడండి. 20.5కీ 21కీ మధ్య ఉంటే సరే. 21.3, 21.5 అంటుంటే ఆ చార్జర్ని వాడొద్దు. పచ్చ లైటు వెలిగాక కూడా 20కి లోపే ఉంటే సెల్లుల్లో ఒకటి వెనకబడిందని అనుమానించి ప్యాక్‌ని పక్కన పెట్టేయండి. మీటరు ముల్లులు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. ఆ పచ్చ లైటుని కూడా పూర్తిగా నమ్మకండి. కరెంటు తగ్గిందని అది చెబుతుంది, ఆపేశానని ప్రతిసారీ అర్థం కాదు. కాబట్టి ఈ డ్రిల్లుకీ కౌంట్‌డౌన్ టైమర్ పెట్టండి. ప్యాక్ 1500 మిల్లీ ఆంప్ అవర్లది, అడాప్టర్ ఒక ఆంపుది అయితే రెండు గంటలు చాలు. అరగంటకోసారి చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఉంచలేకపోతే గోడ దగ్గర స్విచ్ ఆపేయండి.

లిథియం ప్యాక్ కొత్తది కొనేటప్పుడు దాని మీద ఐఎస్ 16046 అన్న అంకె, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. అది మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు. లేనిదాన్ని ఎంత చవకైనా కొనొద్దనే నా సలహా.

చార్జింగ్ పెట్టే చోటు గురించి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. రంపపు పొట్టు రాలే బల్ల మీద, పాలిష్ డబ్బాలు, థిన్నర్ పెట్టే అరలో చార్జర్ ఉండకూడదు. పొట్టు చార్జర్ గాలి కన్నాల్లో దూరి వేడిని బయటికి పోనివ్వదు. ఒక కడప బండ ముక్క గోడ వారగా వేసి, చుట్టూ మూరెడు మేర ఏమీ లేకుండా అక్కడే పెట్టండి. ఆ ప్లగ్గుకి స్విచ్చు మాత్రం షెడ్డు బయట గోడకి పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కి పూట పని కూడా కాదు. లోపల బ్యాటరీ బుసకొడుతూ పొగ వస్తుంటే లోపలికి వెళ్లకుండా ఆపగలిగేది అదొక్కటే. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్చు ఉంది కదా అనుకోకండి. బ్యాటరీ ఓవర్‌చార్జ్ అయితే ఎంసీబీకి తెలియదు, అది పడిపోదు. ఒకవేళ అంటుకుంటే కరెంటు ఆపి, అందరూ దూరంగా వచ్చి, 101కి ఫోన్ చేయండి. ఉబ్బిన ప్యాక్‌ని చేత్తో పట్టుకుని పరిగెత్తే సాహసం ఎవరూ చేయకూడదు.

రెండు నెలలు పని ఆపేసి పిల్లల దగ్గరికి వెళ్లేటట్టయితే లిథియం రెండింటినీ నిండుగా కాకుండా సగంలో ఉంచి, షెడ్డులో కాక ఇంట్లో చల్లటి మూల పెట్టి వెళ్లండి. ప్యాక్ మీద చార్జింగ్ చూపే నాలుగు లైట్లుంటే రెండు వెలిగితే చాలు. చార్జర్లన్నీ గోడ నుంచి పీకేయండి.

చచ్చిన ప్యాక్‌లని చెత్తబండిలో వేయకండి. కాడ్మియం విషం, లిథియం బండిలో నలిగితే మంట. రేకుల మీద టేపు అంటించి, కొన్న షాపులో ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవి సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదార్లది, దిగుమతిదార్లది.

ఆ అమెరికా చార్జర్ గురించి ఒక మాట. దాని మీద 120 వోల్టులని మాత్రమే ఉంటే మీరు మన 230ని అంతకు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే వాడుతుండాలి. టైమర్‌ని చార్జర్‌కీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్యలో పెట్టకండి. గోడకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్యలో పెట్టండి. అప్పుడే సమయం కాగానే రెండూ ఆగుతాయి. పైగా మన మోటారు టైమర్లు 230 వోల్టులకి చేసినవి, 120 మీద సరిగ్గా తిరగవు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం చార్జర్ అయితే ఇక్కడ మామూలుగానే కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. బ్యాటరీ వేడి సంగతి రాశారు గానీ, చార్జర్ కూడా అంత వేడెక్కిందా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఈసారి టైమర్ పెట్టి, ఆరో గంటలో రెండింటి మీదా విడివిడిగా చెయ్యి పెట్టి చూడండి. సమయం పూర్తవకముందే బ్యాటరీ కాలుతుంటే దాని సెల్లులు అయిపోయినట్టే. అల్లుడిగారి గుర్తుగా డ్రిల్లుని దాచుకోండి గానీ, ఆ ప్యాక్‌ని మళ్లీ చార్జర్ ఎక్కించకండి.